సుమతి రేడియో

జనవరి 11, శనివారం

మా అమ్మాయి అవని వాళ్ళ స్కూల్ ఫండ్‌రైజర్‌లో కొన్న నోటుబుక్కు ఇది. రెండేళ్ళుగా డ్రాయర్‌లో పడి ఉంది. మనసులో ఉన్నది కాగితం మీద పెడితే చిరాకు తగ్గుతుందని ఆఫీస్ వెల్‌నెస్ క్లాస్‌లో చెప్పారు. నాకేం చిరాకు లేదు. పుస్తకం ఖాళీగా ఉంది కాబట్టి రాస్తున్నాను, అంతే.

ఇవాళ సరుకులకి వెళ్తుంటే కార్‌లో "సుమతి 36" పెట్టాను. పోయిన అక్టోబర్‌లో ఆమె పుట్టినరోజుకి చేసిన పాటల ఫోల్డర్. పెళ్ళైన కొత్తలో ఒక సీడీ చేసి ఇచ్చాను, అది "సుమతి 1". అప్పటినుంచి పుట్టినరోజుకి ఒకటి, పెళ్ళిరోజుకి ఒకటి. ఒక్కో ఫోల్డర్‌కి నాకు నెల పడుతుంది. ఏ పాట తర్వాత ఏది రావాలి, వేణువు ఎక్కడ ఆగాలి, వయొలిన్ ఎక్కడ అందుకోవాలి, అన్నీ చూసుకుంటాను. ఇక్కడ అరోరాలో గానీ, పక్కన నేపర్‌విల్‌లో గానీ మనవాళ్ళ ఇంట ఏ ఫంక్షన్ జరిగినా పాటలు నావే. "నరసింహకి చెప్పేశాం" అంటే ఇక ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు.

రెండో పాట సగంలో ఉండగా సుమతి, "ఏమండీ, ఒక్కటి నాది పెట్టనా?" అంది.

నాది!

పెట్టింది. ఒక గిటార్, వెనకాల చప్పట్లు, మధ్యలో ఎవరో మగగొంతు. ఒంటె మీద కూర్చుని నిద్రలో పాడుతున్నట్టు ఉంది.

"ఏ భాష?" అన్నాను.

"తెలీదండీ."

"అర్థం?"

"తెలీదు."

"మరెందుకు నచ్చింది?"

"తెలీదు" అని నవ్వింది. ఎవరు చెప్పారని అడిగితే, ఎవరూ చెప్పలేదు, రేడియో వేసిందంది. పాట అయ్యేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కిటికీలో పార్కింగ్ లాట్ పక్కన తోసిపెట్టిన మంచు కుప్ప తప్ప ఏమీ లేదు.

ఆ పాట పేరు నేను చదవలేను. ఒంటె పాట అనుకుందాం.

జనవరి 12, ఆదివారం

చూశాను. ఫ్యామిలీ అకౌంట్ నా పేరు మీదే ఉంది కాబట్టి చూడటంలో తప్పులేదు.

ఆ యాప్‌లో ఒక పాట ఇస్తే దాని వెంట అలాంటివి అదే వెతికి వేస్తుంది. నచ్చితే బొటనవేలు పైకి, నచ్చకపోతే కిందికి. అలా నొక్కుతూ పోతే అది మనిషిని కనిపెట్టేస్తుందట. సుమతి పేరున ఉన్న దాంట్లో "సుమతి రేడియో" అని ఒకటి తయారైంది. రెండువందల పన్నెండు పాటలకి పైకి నొక్కింది. కూర్చుని మొత్తం చూశాను. అందులో నా ఫోల్డర్లలోవి ఎన్ని?

మూడు.

జనవరి 15, బుధవారం

ఇంటికొచ్చేసరికి సుమతి చెవుల్లో అవే పాటలు. పప్పులో ఉప్పు లేదు. ఇంతకుముందు ఎప్పుడూ ఇలా లేదు.

జనవరి 25, శనివారం

విశ్వనాథం గారి షష్టిపూర్తి. వాళ్ళ బేస్‌మెంట్‌లో అరవై మంది. మూడు గంటల పాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను, స్పీకర్లు కూడా నావే. పెద్దాయనకి ఇష్టమని పాతవి ఏరి ఏరి పెట్టాను. ఆయన సోఫాలో కళ్ళు మూసుకుని విన్నారు. తన్మయత్వం అనుకున్నాను.

భోజనాల తర్వాత హర్షవర్ధన్ లేచాడు. మా వీధిలోకి కొత్తగా వచ్చారు వాడూ, వాడి భార్య రేష్మా. రోజూ నా ట్రైన్‌లోనే డౌన్‌టౌన్ వస్తాడు. అందరిలో గట్టిగా, "వదినా, మొన్న మా కుక్కని తిప్పుతుంటే మీరు ఏదో పాట వినిపించిన్రు గదా, అది పెట్టరాదు?" అన్నాడు.

మొన్న. కుక్కని తిప్పుతుంటే. నాకు తెలీదు.

సుమతి నా వైపు చూసింది. నేను "పెట్టు, పెట్టు" అన్నాను. అరవై మంది ముందు ఇంకేమంటాను? నా స్పీకర్‌కి తన ఫోన్ కలిపింది. ఇత్తడి గిన్నెల మీద ఎవరో గరిటెతో కొడుతున్నట్టు మొదలైంది, తర్వాత చాలామంది ఆడవాళ్ళు ఒక్కసారి అందుకున్నారు. పిల్లలు గంతులు ఆపారు. విశ్వనాథం గారు కళ్ళు తెరిచారు. అంటే అప్పటిదాకా నిద్రపోతున్నారన్నమాట.

"ఇంకోసారి వెయ్యమ్మా" అన్నారు.

వేసింది. ఆయన తొడ మీద తాళం వేశారు. ఛాయాదేవి గారు, ఆయన భార్య, వచ్చి నా భుజం తట్టి, "మీ ఆవిడకి ఇంత టేస్ట్ ఉందని చెప్పనే లేదేమయ్యా?" అన్నారు. ఆ టేస్ట్ ఎవరి పెంపకం అని అడగబోయి ఊరుకున్నాను.

తిరుగు దారిలో సుమతి సంతోషంగా ఉంది. నేను డ్రైవింగ్ మీద దృష్టి పెట్టాను. రోడ్డు మీద ఐస్ ఉంది.

జనవరి 26, ఆదివారం

వాడే. ఇంకెవరు?

ఎవరూ చెప్పకుండా మనిషికి పాట ఎలా తెలుస్తుంది? నాకు మా పెద్దన్నయ్య చెప్పాడు, సుమతికి నేను చెప్పాను. పాట ఎప్పుడూ ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వస్తుంది. వాడింట్లో గోడకి గిటార్ వేలాడుతుంది. వాయించగా ఎవరూ చూడలేదు. గడ్డం కూడా ఆ రకమే.

జనవరి 28, మంగళవారం

ట్రైన్‌లో పరీక్ష పెట్టాను. రూట్ 59 స్టేషన్‌లో ఎక్కగానే వాడి పక్కన కూర్చుని, కిటికీలోకి చూస్తూ ఒంటె పాట కూనిరాగం తీశాను. ముఖంలో ఏదైనా మార్పు వస్తుందేమోనని అద్దంలో కనిపెడుతున్నాను.

"ఏందన్నా, పన్ను నొస్తుందా?" అన్నాడు.

ఇక లాభం లేదని నేరుగా అడిగాను. మా సుమతికి ఆ పాటలు నువ్వే పంపుతున్నావా అని. వాడు నవ్వేశాడు. "నేనా? నాకు గంత సీన్ యాడిదన్నా? నేనే వదినని పంపమని అడిగిన. 'పంపను, మీ రేడియో మీరే పెంచుకోండి' అన్నది. గప్పటిసంది రేష్మ నేను ఇద్దరం ట్రై చేస్తున్నం, మాకు అన్ని జిమ్ పాటలే వస్తున్నయ్."

వాడి ముఖంలో అబద్ధం లేదు.

మంచి వార్తే కదా. అయితే ఆఫీస్‌లో పన్నెండింటిదాకా ఒక్క మెయిల్‌కి కూడా జవాబు ఇవ్వలేకపోయాను. మగాడు ఎవడైనా ఉంటే బాగుండేది. ఉంటే కోపం తెచ్చుకునేవాడిని, పోట్లాడేవాడిని, నలుగురూ నా వైపు ఉండేవారు. ఎవరూ లేరు. ఆమె ఒక్కతే కూర్చుని, ఒక్కతే వెతుక్కుని, నాకు తెలియని చోటికి వెళ్ళొస్తోంది. నాకు అసూయగా ఉంది. రాసేశాను. ఇంకెవరూ చదవరు కదా.

జనవరి 30, గురువారం

వంటింట్లో అడిగాను, మామూలుగా అడిగినట్టు.

"నేను చేసిన ఫోల్డర్లు నచ్చవా నీకు?"

"అయ్యో, బాగుంటాయండీ."

పక్కింటివాళ్ళు పంపిన సాంబార్ గురించి కూడా ఆమె ఇలాగే అంటుంది.

"మరి ఆ రేడియోలో ఏముంది?"

నాలుగు చిక్కుడుకాయలు తుంచింది. తర్వాత చెప్పింది. "రోజంతా ఆ మెడికల్ కోడింగ్ కదండీ. ఎవరెవరి జబ్బులకో నంబర్లు వేస్తూ కూర్చుంటాను. ఎనిమిది గంటలు ఒక్క మనిషితో మాటుండదు. పొద్దున్నే ఒక కొత్త పాట వస్తుంది. ఏమొస్తుందో తెలీదు. ప్రతి పాటకీ అది అడుగుతుంది, నచ్చిందా లేదా అని. ఆ అడగడం బాగుంటుంది."

యంత్రం అడగడం కూడా ఒక అడగడమేనా! పద్ధెనిమిదేళ్ళుగా నేను నెలల తరబడి కూర్చుని ఆమెకి ఏది నచ్చుతుందో అడగకుండానే కనిపెట్టి పెడుతున్నాను. దానికి విలువ లేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

ఐదున్నరకి లేచి కాఫీ పెట్టుకున్నాను. వంటింట్లో టాబ్లెట్ ఉంది, అవని పాతది. సుమతి వంట చేసుకుంటూ అందులోనే వింటుంది. ఆమె రేడియో తెరిచే ఉంది. తుడుద్దామని పట్టుకుంటే చెయ్యి తగిలింది. ఒంటె పాటకి బొటనవేలు కిందికి పడింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

గిన్నెల పాట. ఇది కూడా చెయ్యి తగిలే.

ఫిబ్రవరి 5, బుధవారం

పిల్లి ఏడుపు. ఎవరో అమ్మాయి, మాట లేకుండా ఊ ఊ అని మూడు నిమిషాలు. దీన్ని తీసేస్తే అందరికీ మేలే.

ఫిబ్రవరి 6, గురువారం

దగ్గు తాత. ముసలాయన ముందు దగ్గుతాడు, తర్వాత పాడతాడట. దగ్గు దాకే విన్నాను. రికార్డ్ చేసేటప్పుడు దగ్గు తీసేయాలని కూడా తెలీదు ఆ జనానికి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈల వేసేవాడు. దానితోపాటు "సుమతి 4"లోంచి రెండింటికి పైకి నొక్కాను. రేడియోకి కాస్త సాయం చేస్తున్నాను. అది మొత్తం పైకే నొక్కించుకుని పాడైపోయింది. ఎవరో ఒకరు అదుపులో పెట్టాలి.

ఫిబ్రవరి 10, సోమవారం

మంచు పిల్ల.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఏమీ లేని పాట. పియానో మీద ఒక మెట్టు నొక్కుతాడు, ఎదురుచూస్తాడు, ఇంకోటి నొక్కుతాడు. నిజంగా ఏమీ లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

రైలు గంట. "సుమతి 11"లోంచి నాలుగు పైకి. ఇప్పుడు ఐదూ నలభైకి అలారం లేకుండానే సిద్ధంగా ఉంటున్నాను. కాఫీ చల్లారిపోతోంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ నేను స్నో తీసి లోపలికి వచ్చేసరికి వంటింట్లో నా పాట. నా పాట! "సుమతి 11"లో మూడోది. రేడియోనే వేసింది. నేను చెయ్యి పెట్టలేదు, ఇవాళ.

"చూశావా, నీ రేడియోకి కూడా టేస్ట్ వస్తోంది" అన్నాను.

సుమతి నవ్వలేదు. "ఏదోలా అయిపోయిందండీ ఇది. నేనేం చేశానో తెలీదు. ముందులా కొత్తవి రావట్లేదు. పాపం, నన్ను మర్చిపోయింది" అంది.

పాపం అంటోంది. దాన్ని!

నేనేం చేశానో తెలీదు అని తనని తాను అనుకుంటోంది. ఆ మాట రాయకుండా ఉండాల్సింది. రాశాను.

ఫిబ్రవరి 22, శనివారం

సుమతి చెవుల్లో ఏమీ లేదు వారం నుంచి. ఇంట్లో ప్రశాంతంగా ఉంది.

సరుకులకి వెళ్తుంటే కార్‌లో "ఏం పెట్టమంటావు?" అని అడిగాను. కావాలనే అడిగాను, నేను అడగనని కదా బాధ. "ఏదైనా పర్లేదండీ" అంది. "సుమతి 36" పెట్టాను. వింది. కిటికీ వైపు చూడలేదు, ముందుకి చూస్తూ కూర్చుంది. పాటలు బాగున్నాయి. వయొలిన్ సరిగ్గా అందుకోవాల్సిన చోటే అందుకుంది. ఎందుకో ఆ చోటు వచ్చినప్పుడు నాకే విసుగు పుట్టింది.

ఫిబ్రవరి 24, సోమవారం

ప్రశాంతంగానే ఉంది.

మార్చి 9కి పెళ్ళిరోజు. "సుమతి 37" మొదలుపెట్టాలి. ఒక్క పాట కూడా తోచడం లేదు.

ఫిబ్రవరి 27, గురువారం

భోజనాల దగ్గర సుమతి టాబ్లెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. కిందికి నొక్కినవన్నీ ఒక లిస్ట్‌గా యాప్‌లో ఉంటాయట. నేను చూసుకోలేదు. పక్కన తేదీ, టైమ్.

"నా పాటలు ఎవరో తీసేశారు. రోజుకొకటి. ఎవరు?" అంది.

నేను ఇంకో గరిటె పప్పు వేసుకున్నాను.

అవని ఫోన్ పక్కన పెట్టి, "Not me" అంది.

"టాబ్లెట్ నీది. నా పాటలు weird అని నువ్వే అన్నావు, రేష్మా ఆంటీ ముందు."

"అమ్మా, weird అంటే bad కాదు! నేను ఎందుకు చేస్తా?"

"నాకేం తెలుసు? శనివారం రాత్రి నైనిక వాళ్ళింట్లో స్లీపోవర్ లేదు. ఎవరు చేశారో తేలేదాకా ఫోన్ నా దగ్గర పెట్టు."

అవని ఫోన్ ఇచ్చేసింది. పద్నాలుగేళ్ళ పిల్ల ఫోన్ ఇంత సులువుగా ఇవ్వడం నేనెక్కడా చూడలేదు. లేస్తూ నా వైపు చూసింది. సుమతి కూడా చూసింది. నేను పెరుగు కలుపుకున్నాను.

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? ఏమీ కాదు. చెప్తాను. వేడిగా ఉన్నప్పుడు కాదు, కాస్త చల్లబడ్డాక.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్. చెప్పే టైమ్ దొరకలేదు. ఒక్క రోజు ఫోన్ లేకపోతే పిల్లకి మంచిదే.

మార్చి 1, శనివారం

అవనిని ఆర్కెస్ట్రా ప్రాక్టీస్‌కి కార్‌లో తీసుకెళ్ళాను. వెనక సీట్లో తన వాయిద్యం చెల్లో పెట్టి ముందు కూర్చుంది. ఈ మధ్య ఇదే మొదటిసారి ముందు కూర్చోవడం, చేతిలో ఫోన్ లేదు కదా.

సగం దూరం వచ్చాక, "నాన్నా, five-fortyకి నేను లేస్తానా?" అంది.

"ఏమో."

"నేను seven o'clock అలారం త్రీ టైమ్స్ snooze చేస్తాను. You know that."

"స్కూల్ ఉన్న రోజు ముందే లేస్తావేమో."

"ఓకే" అంది. అంతే. తన పాలిట ఆ సంగతి అయిపోయినట్టు కిటికీ వైపు తిరిగింది. అచ్చం వాళ్ళమ్మలాగే తిరిగింది. దింపేటప్పుడు చెల్లో నేను తీస్తానంటే "I got it" అని తనే మోసుకుని వెళ్ళింది.

పార్కింగ్‌లో గంటన్నర కూర్చున్నాను. సిగ్గేసింది. అసూయ సంగతి వేరు. పిల్ల ముందు సిగ్గుపడటం ఇదే మొదటిసారి.

మార్చి 2, ఆదివారం

తల్లీకూతుళ్ళు మధ్యాహ్నం గుడికి వెళ్ళారు. నేను రానన్నాను. మొత్తం సరిచేసేస్తే చెప్పాల్సిన అవసరమే ఉండదు కదా అనిపించింది.

యాప్‌లో లిస్ట్ ఉంది గానీ ఆ పేర్లు నాకు ఒక్కటీ గుర్తులేవు, ఏది ఏదో తెలియదు. ఈ పుస్తకం ముందు పెట్టుకుని తేదీ చూసి తేదీ కలుపుకున్నాను. ఫిబ్రవరి 3, ఒంటె. 4, గిన్నెలు. ఒక్కోదాన్నీ వెనక్కి తిప్పి పైకి నొక్కాలి. సరైన పాటేనా అని వినాలి. బేస్‌మెంట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను.

దగ్గు తాత వచ్చాడు. దగ్గాడు. ఈసారి ఆపలేదు. ఆయన పాడాడు, వాయిద్యం లేదు. గొంతు సగం పోయింది. చివర్లో ఊపిరి అందక ఒక లైన్ వదిలేశాడు. ఆ వదిలేసిన లైన్ ఎవరో ఆడమనిషి దూరంనుంచి అందుకుంది, అంట్లు తోముకుంటూ పాడినట్టు. తర్వాత తలుపు మూసిన చప్పుడు, కుక్క మొరుగు, అయిపోయింది.

మూడుసార్లు విన్నాను. ఏ భాషో తెలీదు. అర్థం తెలీదు. ఎందుకు ఏడుపొచ్చిందో తెలీదు.

ఇది విన్న రోజు సుమతి పైన తన గదిలో ఆ నంబర్ల ముందు ఒక్కతే ఉండి ఉంటుంది. ఎవరికైనా చెప్పాలనిపించి ఉంటుంది. నాకు చెప్పలేదే అని రెండు నెలలుగా రగిలిపోతున్నాను. చెప్పింది. కార్‌లో "ఒక్కటి నాది పెట్టనా" అంది. నేను ఏ భాష, ఏం అర్థం, ఎవరు చెప్పారు అని పోలీసు ప్రశ్నలు వేశాను. నచ్చిందా అని తను నన్ను అడిగేలోపే.

అన్నిటికీ పైకి నొక్కేశాను. సాయంత్రం వాళ్ళు రాకముందు రేడియో పెట్టి చూశాను. "సుమతి 11" వేసింది. తర్వాత "సుమతి 4". ఆ తర్వాత కూడా నావే. పాటలు వెనక్కొచ్చాయి గానీ రేడియో రాలేదు. రెండు గంటలు తిప్పలు పడ్డాను, అయినా నన్నే నాకు వినిపిస్తోంది.

మార్చి 3, సోమవారం

ఐదూ నలభై. టాబ్లెట్ బల్ల మీదే ఉంది. ముట్టుకోలేదు.

నోటితో చెప్పడానికి మూడుసార్లు రిహార్సల్ వేసుకున్నాను. ప్రతిసారీ మధ్యలో "అసలు నా ఉద్దేశం ఏమిటంటే" అని వస్తోంది. నా ఉద్దేశం ఏమిటో ఈ పుస్తకంలో ఉంది. ఇది సుమతి టేబుల్ మీద, కీబోర్డ్ పక్కన పెట్టి ట్రైన్‌కి వెళ్తున్నాను.

ఉప్పు గురించి రాసిన పేజీ, హర్ష గడ్డం గురించి రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. పప్పులో ఉప్పు నిజంగానే లేదు, అది మాత్రం అబద్ధం కాదు.

సుమతీ, అవని కాదు. నేను.

*

మార్చి 3, మధ్యాహ్నం

సుమతి రాస్తున్నాను. ఖాళీ పేజీలు చాలానే ఉన్నాయి.

పొద్దుటినుంచి ఒక్క ఫైల్ కూడా కోడ్ చేయలేదు. మొదటిసారి చదివినప్పుడు ఈ పుస్తకం చెత్తబుట్టలో వేశాను. కాసేపటికి తీసుకున్నాను. హర్ష దగ్గర మీరు కూనిరాగం తీసిన చోట నవ్వొచ్చింది, నవ్వినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

కొన్ని తప్పులు రాశారు. పిల్లి ఏడుపు అమ్మాయి కాదు, ఆవిడకి డెబ్బై దాటాయి. ఏమీ లేని పాటలో చాలా ఉంది, అది వంటింట్లో నిలబడి వినేది కాదు. అంట్లు తోముతూ పాడింది తాత కూతురు అని నేను అనుకుంటాను. మీరెవరనుకున్నారో రాయలేదు. దగ్గు తాత అనే పేరు బాగుంది, నేను కూడా ఇకనుంచి అలాగే అంటాను.

అవని ఐదూ నలభైకి లేవదని నాకు తెలీదా? దాన్ని కన్నది నేను. గురువారం మీరు పెరుగన్నం తిని లేవగానే దాని గదిలోకి వెళ్ళి చెప్పాను, నువ్వు కాదని తెలుసే అని. స్లీపోవర్ వచ్చే వారానికి మార్చాం. ఫోన్ తిరిగి ఇవ్వబోతే అదే వద్దంది, నాన్న ఎంతసేపటికి చెప్తారో చూద్దాం అంది. అది రెండు గంటలు అనుకుంది. నేను ఒక రాత్రి అనుకున్నాను. మీరు నాలుగు రోజులు తీసుకున్నారు. రేడియో పోయినందుకు కాదండీ నా బాధ. శనివారం కార్‌లోంచి దిగొచ్చాక అది నన్ను పట్టుకుని ఏడ్చింది. అది మీకు తెలియాలి.

మీ ముప్ఫై ఆరు ఫోల్డర్లలో నాకు బాగా నచ్చినవి పదకొండు పాటలున్నాయి. ఇన్నేళ్ళలో ఏవో మీరు అడగలేదు, నేను చెప్పలేదు. నాది కూడా తప్పే.

పాత రేడియో వద్దు. నా పేరున వేరే అకౌంట్ తెరిచాను, మొదటి పాటగా తాతనే ఇచ్చాను. పాస్‌వర్డ్ మీకు చెప్పను. పెళ్ళిరోజుకి ఫోల్డర్ చేయకండి. ఆ రోజు కార్‌లో నాది పెడతాను, ఒక్కో పాట అయ్యాక మిమ్మల్ని అడుగుతాను. నచ్చకపోతే నచ్చలేదని నోటితో చెప్పండి.

అంతకంటే ముందు రేపు ఆ ట్రైన్ వదిలేసి పిల్లకి మీరే చెప్పండి. అది ఏడింటికి గానీ లేవదు.